రాణిగారిది షోకా, పిరికితనమా?

ప్రశ్న: మేడమ్, నేను కందుకూరులో డిగ్రీ ఫైనలియర్. షేక్‌స్పియర్ రాసిన హామ్లెట్ నాటకంలో హామ్లెట్ వాళ్లమ్మ గెర్‌ట్రూడ్ రాణి గురించి మా సార్ "అందం పిచ్చి, గుణం బలహీనం, అంతే రాసేయండి" అన్నారు. నాకేమో ఆమె మీద జాలేస్తా ఉంది. ఏది రాయాల?

జవాబు: జాలేస్తే తప్పేం లేదమ్మా, కానీ జాలిపడి ఆమెని ఊరికే వదిలెయ్యబాక.

నాటకం అంతా తిరగేసినా ఆమె అద్దం ముందు ముస్తాబయ్యే సీను ఒక్కటీ కనపడదు. శ్మశానంలో పుర్రె పట్టుకుని అంగుళం మందం రంగు పూసుకున్నా ఆఖరికి ఇట్టనే అవుతావు పో అని హామ్లెట్ అనేది కూడా ఎవరో దొరసానిని, అమ్మ పేరెత్తి కాదు.

బలహీనత మాత్రం ఉండాది. మొగుడు పోయి రెండు నెలలు కాకముందే మరిదిని చేసుకుంది, మన పక్క లెక్కలో పెద్దకర్మకి చేసిన గారెలే పెళ్లి విస్తట్లో వేసినట్టు, హామ్లెట్ ఎగతాళి గూడా దాదాపు ఇదే. తొందరపడ్డామని ఆమే ఒకచోట ఒప్పుకుంటది. తోటలో పడుకున్న రాజు పాము కరిచి పోయాడంటే నమ్మేసింది, ఎట్టా ఏందని అడిగినట్టు ఎక్కడా లేదు. నిజానికి ఆ రాజుని చంపింది ఈ మరిదే, ఆ హత్య సంగతి ఆమెకి తెలియదనే నా నమ్మకం, 1603లో అచ్చయిన ప్రతిలో అయితే తెలియదని ఒట్టేసి మరీ చెప్తది, తర్వాతి ప్రతుల్లో ఆ ఒట్టు లేదు.

మూడో అంకంలో కొడుకు అమ్మని కూర్చోబెట్టి నీ లోపల ఏముందో అద్దంలో చూపిస్తా అంటాడు, ఆమె అందులో నల్ల మచ్చలు చూసి ఇంక చాలు నాయనా అని బతిమాలుకుంటది. నేను నెల్లూరులో పాఠం చెప్పినన్నాళ్లూ ఇక్కడికొచ్చేసరికి క్లాసంతా గమ్మునయిపోయేది. తన పిచ్చి ఉత్తుత్తిదే అని కొడుకు చెప్పిన రహస్యం ఆమె ఇప్పుడు రాజైన ఆ మరిదికి చెప్పదు, ఇది మీ సార్ చూళ్లేదేమో. అట్టని రాజుని వదిలి వస్తదా అంటే అదీ లేదు, తండ్రి చావుకి పగ తీర్చుకోవాలని లేయర్టీస్ అనే కుర్రాడు కోపంగా రాజు మీదికొస్తే అడ్డం పడి పట్టుకునేది ఆమే. అందరితో మంచిగా అనిపించుకోవాల, ఇంట్లో ఎవురూ గొడవ పడగూడదు, ఇదీ ఆమె షోకు, నగల షోకు కన్నా ఇది ఖరీదు.

ఆఖర్లో హామ్లెట్ కోసమని రాజే విషం కలిపిన గిన్నె ఆమె ఎత్తితే రాజు తాగబాక అంటాడు, అందరి ముందూ ఆయన మాట కాదని తాగేస్తది. ఆయన వద్దన్నాడే గానీ చెయ్యి పట్టుకోలా, ఆ సంగతి తప్పకుండా రాయి. మీ సార్ మాట కూడా రెండు లైన్లు పెట్టు, మార్కులు పోగొట్టుకోబాక.