మిక్స్‌డ్ ఐబిఎస్: మందులు సరే, ముందు ఉల్లిపాయ సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్న చదివాను. కొన్నాళ్లు నీళ్ల విరేచనాలు, కొన్నాళ్లు రాయిలా బిగుసుకుపోవడం, డాక్టరు మిక్స్‌డ్ ఐబిఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పరీక్షలన్నీ బాగున్నా పేగు ఇబ్బంది పెట్టే జబ్బు) అన్నారు, మందులూ తిండీ ఎలా చూసుకోవాలి అని అడిగారు. నాదీ సరిగ్గా ఇదే రకం. మాది పర్లాకిమిడి. ఉన్నది ఒడిశాలోనే అయినా ఇంట్లోనూ బజార్లోనూ మాకు తెలుగే. నేను బడిలో టీచర్ని. మందుల గురించి కూడా చెబుతాను గానీ నాకు దారి చూపించింది మాత్రం కార్తీక మాసం.

అంతకన్నా ముందు ఒక మాట. మన రకం వాళ్లని జబ్బు కన్నా ఎక్కువ ఏడిపించేది పూటకో బిళ్ల. మందుల షాపుకి వెళ్లి "మోషన్స్ అవుతున్నాయి" అంటే చాలు, చీటీ ఏదని కూడా అడగరు. నార్‌ఫ్లాక్సాసిన్, టినిడజోల్ కలిపిన యాంటీబయాటిక్ బిళ్లలు, వాటితో పాటు పరుగులు ఆపే లోపరమైడ్, కత్తెరతో కత్తిరించి కవర్లో వేసి ఇచ్చేస్తారు. రెండు రోజులకి కడుపు బిగుస్తుంది. మళ్లీ వెళ్తే విరేచనం అవడానికి ఇంకో బిళ్ల. అది వేసుకున్న మర్నాడు మళ్లీ పరుగులు. మా వీధిలో ఇలా ఏళ్ల తరబడి తిరుగుతున్న వాళ్లున్నారు. వాళ్లది నిజంగా మిక్స్‌డేనో, బిళ్లలు చేసిన మిక్స్‌డో దేవుడికే తెలియాలి. ఏ రకమో తేల్చాలంటే మందు వేసుకోని రోజుల్లో విరేచనం ఎలా ఉందో చూడాలి. బరంపురంలో నన్ను చూసిన డాక్టరు మొట్టమొదట అడిగింది అదే.

ఆయన ఏడు బొమ్మలున్న కాగితం ఒకటి ముందు పెట్టారు. దాన్ని బ్రిస్టల్ చార్ట్ అంటారు. మొదటి రెండు బొమ్మలు గట్టివి, ఆఖరి రెండు పల్చనివి. విరేచనాల్లో గట్టివీ నాలుగో వంతుకి మించి, పల్చనివీ నాలుగో వంతుకి మించి ఉంటే అది మిక్స్‌డ్. నేను బొమ్మల మీద వేలు పెట్టి చూపిస్తే సరిపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ పేషెంట్లందరూ వినేలా వర్ణించాల్సిన పని లేకపోయింది. ప్రతి డాక్టరు బల్ల మీదా ఆ కాగితం ఒకటి ఉండాలి. ఎంతమంది ఆడవాళ్లు సిగ్గుతో "కడుపు నొప్పి" అని మాత్రం చెప్పి వచ్చేస్తున్నారో.

రక్తం, థైరాయిడ్, గోధుమ పడకపోవడానికి చేసే సీలియాక్ పరీక్ష, మల పరీక్ష అన్నీ బాగున్నాయన్నాక మందులు రాశారు. మెబెవరిన్ 135 మిల్లీగ్రాములు, తిండికి ఇరవై నిమిషాల ముందు. ఇది పేగు మెలితిప్పే నొప్పికి. రెండోది ఇసబ్‌గోల్. ఇది మలబద్ధకానికే అనుకుంటారు చాలామంది. నీళ్లు పీల్చుకుని జిగురుగా అవుతుంది కాబట్టి గట్టిదాన్ని మెత్తబరుస్తుంది, పల్చనిదాన్ని కాస్త కూడగడుతుంది. రెండు వైపులా పనికొచ్చేది మన రకానికి అదొక్కటే అని నా నమ్మకం. అర చెంచాతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. నిండు గ్లాసు నీళ్లు తప్పనిసరి. "పీచు తిను, గోధుమ తవుడు కలుపుకో" అని చెప్పేవాళ్ల మాట వినకండి. తవుడు పీచు నీళ్లలో కరగదు, చాలామందికి దాంతో ఉబ్బరం ఇంకా పెరుగుతుంది. అమెరికా గ్యాస్ట్రో డాక్టర్ల సంఘం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా కరిగే పీచే వాడమన్నారు.

నొప్పి వదలకపోతే రాత్రి పూట అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు. అది కొన్నప్పుడు షాపు అబ్బాయి "మేడమ్, ఇది మెంటల్ బిళ్ల కదా" అని పదిమందిలో అరిచాడు. ఈ మందు డిప్రెషన్‌కి ఇస్తారన్నది నిజమే, కానీ అక్కడ మోతాదు చాలా ఎక్కువ. ఇంత తక్కువలో అది పేగుకీ మెదడుకీ మధ్య నడిచే నొప్పి కబురుని తగ్గిస్తుంది. ఇంగ్లండ్‌లో 463 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. 10 నుంచి 30 మిల్లీగ్రాముల మధ్య ఇస్తే, ఉత్తుత్తి బిళ్ల వేసుకున్న వాళ్ల కన్నా వీళ్లకి బాగా తగ్గింది. నోరు ఎండుతుంది, పొద్దున్న కాస్త మత్తుగా ఉంటుంది, మలబద్ధకం పెరగొచ్చు కూడా. కాబట్టి డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టొద్దు, పెంచొద్దు.

ఇక కార్తీకం. మా వీధిలో సగం ఇళ్లు ఒడియా వాళ్లవి. వాళ్లకి నెల పున్నమితో ముగుస్తుంది కాబట్టి వాళ్ల కార్తీకం మన దీపావళికి పదిహేను రోజుల ముందే మొదలవుతుంది. మా అత్తయ్య ఇక్కడే పుట్టి పెరిగింది, ఆవిడ లెక్క కూడా అదే. నెలంతా హబిష అనే వ్రతం చేస్తుంది. పచ్చి బియ్యం అన్నం, పెసరపప్పులో అరటికాయ, చేమదుంప వేసి, అల్లం, జీలకర్ర, కొబ్బరి, పైన నెయ్యి. మిగతా వాళ్లం అంత నిష్ఠగా ఉండం గానీ ఇంట్లోకి ఉల్లి, వెల్లుల్లి, నీచు ఏవీ రావు. ఆఖరి అయిదు రోజులు పంచుక. ఆ రోజుల్లో కొంగ కూడా చేపను ముట్టదని ఇక్కడి మాట.

ఆ ఏడు కార్తీకంలో నా కడుపు నాకు తెలియకుండానే ఊరుకుంది. నెల సగం గడిచాక గమనించాను, మొదటి పీరియడ్ మధ్యలో పిల్లలకి లెక్క ఇచ్చి బయటికి పరిగెత్తాల్సిన అవసరం రావడం లేదు. భక్తి వల్లనే అంది అత్తయ్య. నేను కాదనలేదు.

పున్నమి వెళ్లిన మర్నాడు ఒడిశా అంతా ఛాడఖాయి. నెల రోజులు నోరు కట్టుకున్న వాళ్లందరూ మాంసం తినే రోజు. తెల్లవారకముందే మేకమాంసం కొట్ల దగ్గర వరస. మా ఆయన సంచితో వెళ్లి ఎండ ఎక్కాక వచ్చారు. ఆ రోజు వంట ఆడపడుచుది. ఇనప మూకుడులో ఆవనూనె పొగలు కక్కుతుంటే, గిన్నెడు ఉల్లిముక్కలు ఎర్రగా వేయించి, రోట్లో నూరిన వెల్లుల్లి ముద్ద వేసి, బంగాళదుంపతో మాంసం. పక్కన పచ్చి ఉల్లి చక్రాలు, నిమ్మబద్ద. నేనూ కడుపు నిండా తిన్నాను. సాయంత్రం దీపం పెట్టే వేళకి కడుపు డోలులా బిగిసింది. లంగా బొందు వదులు చేసుకుని మంచం అంచున కూర్చున్నాను, వెనక్కి వాలలేను, ముందుకి వంగలేను. లోపల గాలి ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదులుతుంటే చేతికి తెలుస్తోంది. తెల్లవారుజామున మొదలైన విరేచనాలు బడి వేళకి కూడా ఆగలేదు. "అలవాటు తప్పిన మాంసం మరి" అన్నారు మా ఆయన.

నేను ఒప్పుకోలేదు. కుదుటపడ్డాక ఒక ఆదివారం అదే మాంసం అల్లం, ధనియాలు, మిరియాలు, టమాటా, చిటికెడు ఇంగువతో వండాను. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. "ఏటమ్మా, ఉల్లిపాయ నేకుండా మాంసమేటి?" అని అత్తయ్య గొణుక్కుంది గానీ తిన్నాక బాగుందంది. నా కడుపు కిమ్మనలేదు. ఆ తర్వాత మాంసం మానేసి మామూలు పప్పన్నంలో పచ్చి ఉల్లిపాయ నంజుకుని చూశాను. ఆ రాత్రే దొంగ దొరికింది.

తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన నవ్వి, ఆస్ట్రేలియాలో మోనాష్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన ఫాడ్‌మ్యాప్ పథ్యం చేసేది కూడా ఇదే అన్నారు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం ఉంటుంది. దాన్ని అరిగించే ఎంజైమ్ మనిషికి లేదు. అది అరగకుండానే పెద్దపేగుకి చేరుతుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడితే గాలి పుడుతుంది. అందరికీ జరిగేదే, మన పేగు నరాలకి అది నొప్పిగా తెలుస్తుంది. ఆ పథ్యంలో అనుమానం ఉన్నవన్నీ రెండు నుంచి ఆరు వారాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తెచ్చుకుని, పడనిదాన్నే వదిలేయాలి. జీవితాంతం అన్నీ మానేయడం కాదు. ఇది చాలామంది మర్చిపోయి చిక్కి శల్యమవుతున్నారు.

నాకు ఉల్లితో పాటు పొద్దున్న బారాల్లోకి (మన గారెల్లాంటివి) ఇచ్చే బఠానీ కూర ఘుగుని, గుప్పెడు జీడిపప్పు పడలేదు. పలాస మాకు దగ్గర, ఏ చుట్టం వచ్చినా జీడిపప్పు పొట్లమే, వద్దంటే నొచ్చుకుంటారు. పెరుగు, కొద్దిగా పాలు పోసిన టీ, రెండు చపాతీలు బాగానే పడ్డాయి. కారం కూడా మామూలుగానే తింటున్నాను. వెల్లుల్లి వాసన లేనిదే పోపు కాదనుకుంటే, రెబ్బలు నూనెలో వేయించి తీసేసి, తర్వాత పప్పు పోయండి. ఫ్రక్టాన్ నూనెలోకి దిగదు, వాసన మాత్రం దిగుతుంది. ఉల్లికాడల పచ్చని భాగం కూడా పడుతుంది.

"అదంతా టెన్షన్, తగ్గించుకో" అనే వాళ్లతో నాకు విసుగు. టెన్షన్‌తో ఎక్కువవుతుంది, నిజమే. మరి బడిలో టీచర్ల మరుగుదొడ్డికి తాళం వేసి, తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియకపోతే టెన్షన్ ఎలా తగ్గుతుంది? బరంపురం బస్సు దారిలో ఆడవాళ్లు దిగి వెళ్లడానికి ఒక్క శుభ్రమైన చోటు లేదు. అందుకే ప్రయాణం రోజున నేను అటుకులు, అరటిపండు తప్ప ఏమీ ముట్టను. లోపరమైడ్ ఒకటి పర్సులో ఉంటుంది, డాక్టరు చెప్పిన మేరకు ఆ రోజు వరకే. అది పరుగులు ఆపుతుంది గానీ నొప్పిని తగ్గించదు.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, జ్వరం, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్, యాభై దాటాక కొత్తగా మొదలవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పథ్యాలు పక్కన పెట్టి ముందు డాక్టరుకి చూపించుకోండి. అవేవీ లేకపోతే ఈ వారం నుంచే ఉల్లి, వెల్లుల్లి ఆపండి. మిగతా తిండి మార్చకండి, లేకపోతే ఏది ఏం చేసిందో తేలదు. పుస్తకంలో రోజూ బొమ్మ నంబరు, తిన్నది, వేసుకున్న మందు రాసుకోండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ పుస్తకమే ఆయన చేతికివ్వండి.