ఏడీఆర్ ఫారాల్లో ముందుగా చూడవలసినవి రెండు తేదీలు

మీ ఆసుపత్రి నుంచి ప్రతినెలా ఏడీఆర్ ఫారాలు, అంటే మందుల దుష్ప్రభావాలను నివేదించే పత్రాలు, చాలానే వెళుతున్నాయని, వాటి నాణ్యతను ఎలా పరిశీలించాలో తెలియడం లేదని అడిగారు. ఒక బోధనాసుపత్రిలోని ఏడీఆర్ మానిటరింగ్ సెంటర్‌లో కొన్నేళ్లు ఈ ఫారాలను సరిచూసినవాడిగా చెబుతున్నాను: ఫారాల సంఖ్యను పక్కనపెట్టి, మందు మొదలుపెట్టిన తేదీ, దుష్ప్రభావం కనిపించిన తేదీ ఉన్నాయో లేదో ముందుగా చూడండి.

రోగి గుర్తింపు, వచ్చిన ప్రతిచర్య, అనుమానిత మందు, నివేదించినవారి వివరాలు ఉంటే ఫారం చెల్లుతుంది. కానీ చెల్లడం వేరు, ఉపయోగపడటం వేరు. స్వీడన్‌లోని ఉప్సాలా మానిటరింగ్ సెంటర్, నివేదికలో వివరాలు ఎంత నిండుగా ఉన్నాయో కొలవడానికి రూపొందించిన విజీగ్రేడ్ లెక్కలో ప్రతి నివేదికా 1తో మొదలై, లోపించిన వివరాలను బట్టి తగ్గుతూ పోతుంది; 0.8 దాటినదే బాగా నమోదైన నివేదిక. మందుకూ ప్రతిచర్యకూ మధ్య గడిచిన కాలం తెలియకపోతే ఒక్కసారిగా సగం పోతుంది కనుక, మిగతా గడులన్నీ నిండుగా ఉన్నా అది 0.5 దగ్గరే ఆగిపోతుంది.

దీని విలువ నాకు ఒక పొరపాటుతో తెలిసింది. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వల్ల దద్దుర్లు వచ్చాయని ఒక హౌస్ సర్జన్ రాసిచ్చిన ఫారాన్ని, తేదీలు లేకపోయినా ఈ నివేదికలను ఎక్కించే విజీఫ్లో సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేసేశాను. మర్నాడు వేరే పని మీద ఆ వార్డుకు వెళ్లి సిస్టర్ల దగ్గరున్న మందుల చార్టు చూస్తే, మొదటి డోసు ఇచ్చింది రోగి చేరిన రోజు సాయంత్రం. కేస్ షీటులో మాత్రం దద్దుర్లు అంతకు రెండు రోజుల ముందే మొదలయ్యాయని ఉంది. రోగి భార్యను అడిగితే, ఫిట్స్‌కని మూడు వారాల కిందట వేరేచోట రాసిచ్చిన ఫెనిటాయిన్ మాత్రలను సంచిలోంచి తీసి చూపించింది. అప్పటిదాకా ఆమెను ఎవరూ అడగలేదు. ఫెనిటాయిన్ దద్దుర్లు వారాల తర్వాత తేలడం మామూలే. డాక్టరుగారు ఆ రోజే మందు మార్చారు, నేను నివేదికను సరిచేశాను.

అందుకే వారానికి కొన్ని ఫారాలను ఏరి, రోగి ఇంకా మంచం మీద ఉండగానే, కేస్ షీటుతోనూ చార్టుతోనూ పోల్చి చూడండి. డిశ్చార్జి అయ్యాక మెడికల్ రికార్డుల గదిలో వెతుకులాడటం దండగ పని. ఇంకొక తనిఖీ కూడా ఉంది. మందు ఆపితే లక్షణాలు తగ్గాయన్న ఆధారం ఉంటేనే, ప్రతిచర్యకు ఆ మందే కారణం కావడం 'ప్రాబబుల్' (బహుశా అదే) అని నిర్ణయించాలి. 'ప్రాబబుల్' గడిలో టిక్కు పెట్టి, మందు ఆపాక వచ్చిన ఫలితం దగ్గర 'తెలియదు' అని రాసిన ఫారాలను విడిగా తీయండి. మా దగ్గర అలాంటివి అలవాటుగా రాసినవే ఎక్కువ.

ఒక్క హెచ్చరిక: అసంపూర్ణంగా ఉందని ఫారాన్ని తిప్పి పంపకండి. అనుమానం ఉంటే చాలు, నివేదించవచ్చు. రాసినవారి దగ్గరకు మీరే వెళ్లి తేదీలు అడిగి నింపుకోండి. తిప్పి పంపితే వాళ్లు మళ్లీ రాయరు.