వందేసి తెప్పిస్తే ఖర్చు తగ్గుతుందా?

ప్రశ్న: మాది జీడిమెట్లలో చిన్న పంపుల వర్క్‌షాప్. నెలకు వెయ్యి బేరింగులు వాడతాం, ఒక్కోసారి 600 తెప్పించి పెట్టుకుంటాను. ఎంబీఏ చదివొచ్చిన మా అబ్బాయి ‘జస్ట్ ఇన్ టైమ్ పద్ధతిలో, అంటే కావలసినప్పుడు కావలసినంతే, వందేసి తెప్పిద్దాం నాన్నా, స్టాకులో డబ్బు ఇరికించుకోవడం ఎందుకు’ అంటున్నాడు. వాడి మాట వినమంటారా?

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనండీ, కానీ సగమే. ర్యాకులో ఉన్న బేరింగు ఊరికే ఉండదు. పెట్టిన డబ్బుకి వడ్డీ, గది అద్దె, ప్యాకెట్టు చిరిగితే తుప్పు, సైజు మారితే అమ్ముడుపోని సరుకు, ఇదంతా నిల్వ ఖర్చే. ఒక్కోదానికి ఏడాదికి 20 రూపాయలనుకోండి. ఇక సరుకు తెప్పించిన ప్రతిసారీ ఆటో ట్రాలీ కిరాయి, ఫోన్లు, బిల్లు ఎంట్రీ, లెక్కపెట్టి దించుకునే మనిషి, అన్నీ కలిపి 300 అనుకుందాం.

ఏడాదికి 12,000 బేరింగులు. మీ పద్ధతిలో 20 ఆర్డర్లకు 6,000, సగటున 300 నిల్వ ఉంటాయి కాబట్టి దానికి ఇంకో 6,000. మొత్తం 12,000. ఈ లెక్కన రెండూ సమానంగా ఉన్నచోటే మొత్తం ఖర్చు అన్నిటికంటే తక్కువ, 1913లో ఫోర్డ్ హ్యారిస్ అనే ఇంజనీరు ఇచ్చిన సూత్రం కూడా ఇదే చెబుతుంది. వందేసి తెప్పిస్తే నిల్వ ఖర్చు 1,000కి దిగుతుంది, సంతోషమే, కానీ 120 ఆర్డర్లకు 36,000 అవుతుంది!

మరి ఈ జస్ట్ ఇన్ టైమ్ పద్ధతిని మొదలుపెట్టిన కార్ల కంపెనీ టయోటాకి ఎలా గిట్టింది? అక్కడి ఇంజనీరు తైచి ఓనో, ఆయనతో పనిచేసినవాళ్లు సరుకు తగ్గించి ఊరుకోలేదు, ఆర్డరుకయ్యే ఖర్చునే కిందికి దించారు. రేకుని నొక్కి ఆకారం తెచ్చే ప్రెస్సులో అచ్చు (డై) మార్చడానికి గంటలు పట్టేది, దాన్ని నిమిషాల్లోకి తెచ్చారు. విడిభాగాల డబ్బా ఖాళీ అయితే దాని కార్డు, అదే కాన్‌బాన్, వెనక్కి వెళ్తుంది, అదే ఆర్డరు. మళ్లీ బేరాలు లేవు, కొత్త కాగితాలు లేవు.

మీ సప్లయర్ కూడా ఏడాదికి ఒకే రేటు ఒప్పుకుని, మీ వైపు వచ్చే బండిలోనే మూడు రోజులకోసారి వంద దించి, నెలకో బిల్లు ఇస్తే ఆర్డరు ఖర్చు 10 రూపాయలకు రావచ్చు. అప్పుడు మొత్తం 2,200, అంటే 9,800 మిగులు. అయితే ఆయన ఊరికే ఎందుకు చేస్తాడు? బేరింగుకి ఒక్క రూపాయి పెంచాడంటే 12,000 పోయినట్టే, మిగిలిందంతా పోగా ఎదురు నష్టం. నేనైతే ముందు ఈ ఒక్క రూపాయి సంగతే తేల్చుకుంటాను.

ఇంకోటి. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లోని కరియాలో, టయోటాకి విడిభాగాలిచ్చే ఐసిన్ కంపెనీ ఫ్యాక్టరీ తగలబడింది. టయోటా బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు దాదాపు అంతా అక్కడి నుంచే వచ్చేది, చేతిలో పెద్దగా నిల్వ లేదు, కొన్ని రోజులు కార్ల తయారీ ఆగిపోయింది. మీకు ఎక్కువగా పోయే ఒక్క సైజుతో మీ అబ్బాయి చెప్పిన పద్ధతి మూడు నెలలు చూడండి. దూరం నుంచి వచ్చేవాటిని, ఒకరి దగ్గరే దొరికేవాటిని మాత్రం ఇప్పటిలాగే నిల్వ ఉంచండి. వచ్చిన ప్రతి ట్రాలీ కిరాయి మీ అబ్బాయితోనే పుస్తకంలో రాయించండి.