న్యూజెర్సీ రీఫండ్ వచ్చేదాకా పెన్సిల్వేనియా ఆగదు

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి గత ఏడాది జూలై 1న పెన్సిల్వేనియాలోని బక్స్ కౌంటీకి మారాం. ఆఫీసు న్యూజెర్సీలోనే. హెచ్1బీ మీద ఉన్నాను, జీతం 1,20,000 డాలర్లు, భార్య ఉద్యోగం చేయదు. కంపెనీ ఏడాదంతా న్యూజెర్సీ పన్నే కోసింది. ఇప్పుడు పెన్సిల్వేనియాకి, టౌన్‌షిప్‌కి (మా ఊరి స్థానిక సంస్థకి) కలిపి 2,400 దాకా కట్టాలంటున్నారు. న్యూజెర్సీకి కట్టింది ఇక్కడ క్రెడిట్‌గా చూపొచ్చా? లేకపోతే 401కె (రిటైర్‌మెంట్ పొదుపు ఖాతా) నుంచి లోన్ తీయనా, ఊళ్లో చిట్టీ పాడనా? ఇల్లు మారేసరికి సేవింగ్స్ అయిపోయాయి.

జవాబు: క్రెడిట్ రాదండీ. నది దాటి ఇటు వచ్చినవాళ్లలో చాలామంది చేసే పొరపాటే ఇది. జీతాల విషయంలో ఈ రెండు రాష్ట్రాలకూ పరస్పర ఒప్పందం ఉంది. మీరు ఎక్కడ ఉంటే అక్కడే పన్ను. జూలై 1 తర్వాత న్యూజెర్సీ కోసింది అసలు కట్టనక్కర్లేని డబ్బు. దాన్ని న్యూజెర్సీ నుంచే వెనక్కి తెచ్చుకోవాలి. పెన్సిల్వేనియా రిటర్న్‌లో క్రెడిట్‌గా వేస్తే కొట్టేసి నోటీసు పంపుతారు.

జూన్ ఆఖరి పే స్టబ్ తీయండి. వైటీడీ (జనవరి నుంచి అప్పటిదాకా మొత్తం) వరుసలో ఉన్న జీతం, న్యూజెర్సీ పన్ను మీ మొదటి సగం. వాటితో పార్ట్-ఇయర్ (ఏడాదిలో కొంత కాలమే ఉన్నవాళ్ల) రిటర్న్ ఎన్‌జె-1040 వేయండి, న్యూజెర్సీలో ఉన్న తేదీలు రాయండి. ఎగ్జెంప్షన్లు నెలల లెక్కన తగ్గుతాయి. అయినా మీ జీతంలో పన్ను కోసింది ఏడాది మొత్తం ఆదాయం లెక్కన, పన్ను పడేది ఆరు నెలల జీతం మీద. కాబట్టి ఇక్కడా కొంత తిరిగొస్తుంది. కంపెనీ ఏటా ఇచ్చే జీతం-పన్ను కాగితం డబ్ల్యూ-2లో 17వ బాక్స్ చూసి, మొదటి సగం పోగా మిగిలిన పన్ను కోసం ఎన్‌జె-1040ఎన్‌ఆర్ (అక్కడ నివాసం లేనివాళ్ల రిటర్న్) వేరేగా వేయాలి. న్యూజెర్సీ ఆదాయం కాలమ్‌లో జీతం సున్నా, ఆ ఆరు నెలలూ పెన్సిల్వేనియా నివాసినని సంతకం చేసిన కాగితం జత.

పెన్సిల్వేనియాకి వేయాల్సిన రిటర్న్ పీఏ-40, పార్ట్-ఇయర్ గుర్తుతో. ఇక్కడే ఇంకో చిక్కు. 401కెలో వేసిన సొమ్ముకి న్యూజెర్సీ పన్ను వేయదు, పెన్సిల్వేనియా వేస్తుంది. మీరు నెలకు 1,000 వేస్తున్నారనుకుందాం. డబ్ల్యూ-2 16వ బాక్స్‌లో న్యూజెర్సీ అంకె 1,08,000 ఉంటుంది. అందులో సగం 54,000 అని రాస్తే తప్పు, 60,000 రాయాలి. 3.07 శాతం లెక్కన 1,842. స్టాండర్డ్ డిడక్షన్ లాంటిదేమీ ఉండదు. పే స్టబ్‌లో పన్నుకు ముందే కోసిన ఆరోగ్య బీమా ప్రీమియం మాత్రం తీసేయొచ్చు. టౌన్‌షిప్ పన్ను 1 శాతమైతే ఇంకో 600. దానికి రిటర్న్ వేరు, కట్టే చోటు వేరు, మీ టౌన్‌షిప్‌ని గుర్తించే ఆరంకెల పీఎస్‌డీ కోడ్ కావాలి. పన్ను లేని టౌన్‌షిప్‌లూ ఉన్నాయి కాబట్టి ముందు మీ అడ్రస్ చూసుకోండి. ఇండియా బ్యాంకులో మీకు ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ ఉంటే, దాని వడ్డీకి అక్కడ పన్ను లేకపోయినా ఇక్కడ ఉంది, మరచిపోవద్దు.

అన్నిటికీ గడువు ఏప్రిల్ 15. ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే రిటర్న్ వేయడానికే టైమ్ దొరుకుతుంది, డబ్బుకి కాదు.

ఇక అసలు సంగతి. మీ సమస్య పన్ను కాదు. న్యూజెర్సీ నుంచి రావలసిందీ పెన్సిల్వేనియాకి పోవలసిందీ దాదాపు సమానమే. మధ్యలో కొన్ని వారాలు నిలబడటానికి చేతిలో 2,400 లేదు, అంతే. హెచ్1బీ మీద, ఒక్క జీతం మీద నడిచే ఇంట్లో ఇది చాలా ప్రమాదం. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండి ఇంకోటి వెతుక్కోవడానికి మీకున్నది గరిష్ఠంగా 60 రోజులు. అప్పుడు అద్దె, కారు, బీమా, అవసరమైతే టికెట్లు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. 401కె లోన్ తీసుంటే అదీ మెడకి చుట్టుకుంటుంది. ఉద్యోగం వదిలిన ఏడాది పన్ను గడువులోగా తీర్చకపోతే మిగిలింది విత్‌డ్రాయల్ కింద లెక్క, దానిమీద పన్ను, పైగా 10 శాతం పెనాల్టీ. ఒక్క 2,400 కోసం ఇంత నెత్తిన పెట్టుకుంటారా? చిట్టీ ఇప్పుడు పాడితే నష్టానికి పాడాలి. క్రెడిట్ కార్డు ఊసే వద్దు.

ఈ నెల నుంచి 401కెలో కంపెనీ మ్యాచ్ వచ్చేంత వరకే ఉంచి మిగతాది ఆపండి. ఆ తేడా, ఈ నెల జీతంలో మిగిలింది కలిపి ముందు టౌన్‌షిప్‌కి, పెన్సిల్వేనియాకి కట్టండి. ఇంకా తక్కువైతే పెన్సిల్వేనియా రెవెన్యూ శాఖ వాయిదాలు ఇస్తుందేమో అడగండి. న్యూజెర్సీ రిటర్న్‌లు మాత్రం ఈ వారమే వేసేయండి. రీఫండ్ వచ్చాక అందులో ఒక్క డాలర్ కూడా కదపకుండా వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. నెల ఖర్చు 4,800 అయితే అక్కడ ఆరు నెలల ఖర్చు, అంటే 28,800 చేరేదాకా 401కె పెంచొద్దు, ఊళ్లో కొత్త చిట్టీ కట్టొద్దు, ప్లాటు మాటే ఎత్తొద్దు.

రేపే మీ పేరోల్ వాళ్లకి, పెన్సిల్వేనియా నివాసినని చెప్పే ఎన్‌జె-165 ఫారం ఇవ్వండి, న్యూజెర్సీ కోత ఆగుతుంది. పెన్సిల్వేనియా పన్ను కోయగలరేమో అడగండి. కోయలేమంటే ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, జనవరి 15న మీరే అంచనా పన్ను కట్టాలి. టౌన్‌షిప్‌ది కూడా మూడు నెలలకోసారి విడిగా.