ఆయన చేతిలో పుస్తకం చూస్తే ఒళ్లు మండుతోంది

ప్రశ్న: మేము చెన్నై తొరైపాక్కంలో ఉంటాం. మాది గూడూరు. నాకు 36, మావారికి 39. ఇద్దరం సాఫ్ట్‌వేర్‌లోనే ఉండేవాళ్లం. ఇక రచయితగానే బతుకుతానని ఏడాదిన్నర కిందట ఆయన ఉద్యోగం మానేశారు. నేనూ సరేనన్నాను. నెలలో పది రోజులు ఏదో ఒక ఊరు తిరుగుతారు, మిగతా రోజులు చదువుకుంటారు. కొన్ని కథలు పత్రికల్లో వచ్చాయి, కొన్నింటిని ఒక ఆడియో సంస్థ తీసుకుంది. వచ్చేది కరెంటు బిల్లుకు సరిపోతుంది, అంతే. మొన్న ఆయన తంజావూరులో ఉండగా పాపకు 103 జ్వరం వచ్చింది. నాకు సెలవు దొరకలేదు. పక్కింటావిడకు అప్పజెప్పి ఆఫీసుకు వెళ్లాను. ఆయన తిరిగొచ్చి సోఫాలో పుస్తకం పట్టుకునేసరికి ఒళ్లు మండిపోయింది. అడిగితే ‘చదవడం కూడా పనే’ అంటారు. ‘కొన్నాళ్లు మా దగ్గరికి వచ్చెయ్, అతనే దారికొస్తాడు’ అని నాన్న అంటున్నారు. ఆయన ఇష్టానికి నేనే అడ్డుపడుతున్నానా?

– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: మీరు అడ్డుపడటం లేదమ్మా. ఏడాదిన్నరగా ఆ ఇష్టాన్ని నిలబెడుతున్నదే మీరు. అద్దె, పాప ఫీజు, సరుకులు మీ జీతంలోంచి వెళ్తున్నాయి కాబట్టే ఆయన నిశ్చింతగా రైలెక్కగలుగుతున్నారు. ఆయన స్వతంత్ర రచయితే, కాదనను. కానీ ఆ స్వతంత్రానికి అయ్యే ఖర్చు మీది కూడా. మీ ఇంట్లో ఈ మాట ఇంతవరకూ ఎవరూ పైకి అన్నట్టు లేదు. మీరు అప్పుడు ‘సరే’ అన్నారు గానీ ఎన్నాళ్లకు సరే, ఎంత ఖర్చుకు సరే, పాపకు బాగోలేనప్పుడు ఎవరు ఉండాలి అన్నవి మాట్లాడుకోలేదు. అందుకే కోపం పుస్తకం మీదికి మళ్లింది.

చదవడం పనే అని ఆయన అంటున్నది సాకు కాదు. నేనూ అదే నమ్ముతాను. రాసేవాళ్లు రాసినదానికి పదింతలు చదవాలి, నాలుగు ఊళ్లు చూడాలి. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో నాయకరాజులు, మరాఠా రాజుల కాలం నాటి తెలుగు తాళపత్రాలున్నాయి. తెలుగులో రాసే మనిషికి అక్కడికి వెళ్లాలనిపించడంలో వింతేమీ లేదు. మీ నగరం నుంచే ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి మాట ఇంకొకరికి వాళ్ల భాషలో చెప్పే ఉద్యోగి. చూసిన ఊరు, తిన్న తిండి, దాటిన ఏరు, దారి బాగోగులు అన్నీ రాసి ఇక్కడి స్నేహితుడికి పంపుతూ వచ్చారు. ఆయన పోయాక 1838లో అది అచ్చయింది. ఆ ప్రయాణం మనదాకా వచ్చిందంటే ఎప్పటికప్పుడు కాగితం మీద పెట్టబట్టే.

మీరు మీవారిని అడగాల్సింది అదే. ‘ఎంతొస్తుంది’ అని మొదలుపెట్టకండి, ఆ మాట వినగానే ఆయన ముడుచుకుపోతారు. ‘తంజావూరులో ఏం రాసుకున్నారు, చదివి వినిపించండి’ అని అడగండి. నిజంగా వినండి కూడా. నాలుగు పేజీలు బయటికొస్తే ఆయన పనిలోనే ఉన్నారని మీకే తెలుస్తుంది. నెల గడిచినా ఒక్క పేజీ లేకపోతే అది విహారయాత్ర. విహారయాత్ర తప్పు కాదు, కానీ అలాంటివి మీకూ రావాలి కదా. పాపను ఆయనకు వదిలి మీరు పది రోజులు ఎక్కడికైనా వెళ్లొచ్చింది ఎప్పుడు?

పాప జ్వరం సంగతి మాత్రం నేను తేలిగ్గా తీసుకోలేను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. టైమ్ తన చేతిలో ఉన్న మనిషి ఇంట్లో ఆయన. మీ టైమ్ మీ మేనేజర్ చేతిలో ఉంది. అలాంటప్పుడు స్కూలు నుంచి ఫోన్ వస్తే మొదట మోగాల్సింది ఆయన ఫోన్. స్కూలు డైరీలో మొదటి నంబరుగా ఆయనదే రాయించండి. రైలు టికెట్లు 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి, బుక్ చేసేముందు మీ రిలీజ్ తేదీలు, పాప పరీక్షలు ఇద్దరూ కూర్చుని చూసుకోవచ్చు. ఆయన ఊళ్లో లేని రోజుల్లో ఇంట్లో ఎవరుంటారో టికెట్ తీయకముందే తేలాలి. పాపకు జ్వరం ఎక్కువైతే తిరిగి రావాలి, తాళపత్రాలు ఎక్కడికీ పోవు.

ఇక డబ్బు. తెలుగులో కథలు, నవలలు రాసి ఇల్లు గడపడం దాదాపు అసాధ్యం. పుస్తకం వేయాలంటే చాలామంది తమ జేబులోంచే పెట్టుకుంటారు. మద్రాసులో ఉన్న రోజుల్లో శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్లు సినిమాలకు పాటలు, మాటలు రాశారు. దాంతో వాళ్ల కవిత్వం చిన్నదైపోలేదు. మీవారికి తెలుగు, ఇంగ్లీషుతో పాటు ఇన్నేళ్లు చెన్నైలో ఉండి తమిళం కూడా పట్టుబడే ఉంటుంది. అనువాదం, సబ్‌టైటిల్స్, డబ్బింగ్ మాటలు, సాఫ్ట్‌వేర్ కంపెనీలకు టెక్నికల్ రైటింగ్... ఏదైనా సరే, నెలకు ఇంత ఇంటికి ఇస్తానని ఒక అంకె ఆయన నోటితోనే చెప్పాలి. ప్రయాణాల ఖర్చుకు కూడా ఒక హద్దు పెట్టుకోండి. ఆరు నెలలకోసారి మళ్లీ చూసుకోండి.

ఆ ఆడియో సంస్థతో ఏం రాసుకున్నారో కూడా ఒకసారి బయటికి తీయండి. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం, ఉద్యోగంలో భాగంగా కాకుండా సొంతంగా రాసిన కథ మీద మొదటి హక్కు రచయితదే. హక్కు వేరేవాళ్లకు రాసిస్తే అది కాగితం మీద ఉండాలి, ఎన్నాళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని లెక్క. తొందరలో సంతకం పెట్టేసి తర్వాత తల పట్టుకునేవాళ్లు ఎంతోమంది. అలాగే ఆయన ఉద్యోగం మానేయడంతో కంపెనీ ఇన్సూరెన్స్ పోయి ఉంటుంది. మీ పాలసీలో ఆయన పేరుందో లేదో ఈ వారమే చూడండి.

సోఫా గురించి ఒక చిన్న మాట. ఇంట్లో పడుకుని చదివేది పనిలా కనిపించదు, అలసిపోయి వచ్చినవాళ్లకు అసలే కనిపించదు. మీకు కోట్టూర్‌పురం అంత దూరమేమీ కాదు, అన్నా శతజయంతి గ్రంథాలయం అక్కడే ఉంది. పాత తెలుగు పుస్తకాలు కావాలంటే ఎగ్మూరులో 1896 నుంచి కన్నెమరా గ్రంథాలయం ఉంది. పాపను స్కూల్లో దింపి అటు వెళ్లి, స్కూలు వదిలే వేళకు తిరిగి రమ్మనండి. ఆయనకూ పని సాగుతుంది, మీ కళ్లకూ ఆయన పనికి వెళ్లొచ్చినట్టే ఉంటుంది.

ఇవన్నీ ఆయన ఊరి నుంచి వచ్చిన రాత్రి మాట్లాడకండి. ఆదివారం పాప నిద్రపోయాక, బ్యాంకు స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని నిదానంగా మాట్లాడండి. గొంతు పెంచాల్సిన పనేమీ లేదు. ఆయన అసలు కూర్చోనే కూర్చోనంటే, లెక్క చెప్పడమే అవమానమంటే అప్పుడది రచన సమస్య కాదు. ఫ్యామిలీ కౌన్సెలర్ దగ్గరికి ఇద్దరూ వెళ్లండి. ఆయన రానంటే మీరొక్కరైనా వెళ్లండి.

గూడూరు వెళ్లడం మాత్రం బెదిరింపుగా వద్దు. మీ ఉద్యోగం, పాప స్కూలు ఇక్కడే ఉన్నాయి, ఇల్లు వదిలితే నష్టపోయేది మీరే. మీ నాన్నగారికి కోపం లేదు, కూతురు ఒంటరిగా నలిగిపోతోందన్న భయం. అంకెలు, తేదీలు ఒక కొలిక్కి వచ్చాక ఇద్దరూ కలిసి వెళ్లండి. ఇంటికి తాను ఏం ఇవ్వబోతున్నాడో అల్లుడే స్వయంగా ఆయనకు చెప్పాలి. మీరు మధ్యలో కలగజేసుకోకండి.