ఆ రెండు వేలను జీతాల్లో కలపకు

చి. అమ్మడికి,

మావయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, గుంటూరులో నీ తడి చెత్త ఎరువు పని పెరిగిందనీ, కొత్తగా ఎనిమిది మంది కుర్రాళ్లను పెట్టుకుంటున్నావనీ, వాళ్ల జీతాలకు కేంద్రం డబ్బులిస్తుందనీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చిన్నప్పుడు మా ఆటోనగర్ గోడౌన్‌కి వస్తే ముక్కు మూసుకుని గేటు దగ్గరే నిలబడేదానివి. నవ్వుకుంటూ పడుకున్నాను. రెండింటికి మెలకువ వచ్చింది. ఇక నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

నువ్వు చెప్పే పథకం వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన. అది పర్యావరణం పనా, ప్లాస్టిక్ బకెట్ల పనా అని చూడదు, పీఎఫ్ చలానా చూస్తుంది. కుర్రాళ్లు 2027 జులై 31 లోపు చేరాలి. యాభై మంది లోపున్న సంస్థ కాబట్టి పాత లెక్క మీద కనీసం ఇద్దరు పెరగాలి, నీకు ఎనిమిది మంది కాబట్టి ఇబ్బంది లేదు. ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి యూఏఎన్, అంటే పీఎఫ్ ఖాతా నంబరు, తీసుకోమను. చలానా ప్రతి నెలా 15 దాటనివ్వకు. ఇవి నీ అకౌంటెంట్‌కీ తెలుసు.

అసలు లెక్క మాత్రం నువ్వే కూర్చుని వెయ్యి. నెలకు 14 వేలు ఇస్తానన్నావట. ఆ జీతానికి మనిషికి నీకొచ్చేది నెలకు 2 వేలు. మూడు వేలు రావాలంటే జీతం 20 వేలు దాటాలి. 14 వేల మీద నువ్వు కట్టే పీఎఫ్ వాటా 1,680, వైద్య బీమా ఈఎస్ఐకి 455, కలిపితే 2,135. అంటే ప్రభుత్వం ఇచ్చే డబ్బు ప్రభుత్వానికి కట్టేదానికే చాలదు! పైగా మనిషి కనీసం ఆరు నెలలు నిలిస్తేనే ఆ డబ్బు. ఆ ఆరు నెలల్లో జీతాలకే 6 లక్షల 72 వేలు నీ జేబులోంచి పోతాయి. ఆ డబ్బు బ్యాంకులో ఉందా? లేకపోతే నలుగురితో మొదలుపెట్టు. నామోషీ ఏం లేదు.

ఇంకోటి. నీ వాట్సాప్ పోస్టర్ మీ అమ్మ పంపింది. 'చేరితే కేంద్రం నుంచి 15 వేలు' అని ఎర్ర అక్షరాల్లో వేశావు. ఎవరు వెయ్యమన్నారమ్మా? అది ఒక నెల పీఎఫ్ జీతం, 15 వేలకు మించకుండా. నీ కుర్రాళ్లకు వచ్చేది 14 వేలే. అదీ ఆరు నెలలకు సగం, ఏడాదికి మిగతాది. అదైనా జీవితంలో మొదటిసారి పీఎఫ్‌లోకి వచ్చినవాడికే. ఇవాళే ఆ పోస్టర్ తీసెయ్.

ఎందుకింత కటువుగా చెబుతున్నానో కూడా విను. మీ అమ్మకి కూడా ఇది తెలియదు.

2018లో నాకు పాత ప్లాస్టిక్ వేరుచేసే కాంట్రాక్టు ఒకటి వచ్చింది. అప్పట్లో ఇలాంటిదే రోజ్‌గార్ ప్రోత్సాహన్ యోజన అని ఉండేది. పదిహేను వేలలోపు జీతంతో కొత్తగా చేరినవాడికి యజమాని కట్టాల్సిన 12 శాతం మూడేళ్లు ప్రభుత్వమే కట్టేది. నేను ఆ 12 శాతం ముందే తీసేసి, తక్కువ రేటుకు కొటేషన్ వేశాను. ఆరుగురు కుర్రాళ్లను పది వేలకు పెట్టుకున్నాను. తీరా చూస్తే నలుగురికి పథకం వర్తించలేదు. ఎప్పుడో సెక్యూరిటీ ఏజెన్సీలోనో, కేటరింగ్‌లోనో నాలుగు నెలలు చేసినప్పుడు అక్కడ పీఎఫ్ ఖాతా తెరిచారట. ఆ సంగతి వాళ్లకే తెలియదు.

మనిషికి 1,200. నా కొటేషన్‌లో అది లేదు. నేనేం చేశానో తెలుసా? ఆ 1,200 వాళ్ల జీతాల్లోంచి కోశాను. యజమాని వాటా కార్మికుడి జీతంలో కొయ్యడం చట్టం ఒప్పుకోదని నాకు తెలుసు. స్లిప్పు మీద 'సర్దుబాటు' అని రాయించాను. ఐదు నెలలు అలాగే నడిచింది.

ఒకరోజు సింగ్‌నగర్ కుర్రాడి తల్లి ఆ స్లిప్పులన్నీ రబ్బరు బ్యాండు వేసి తెచ్చింది. 'అయ్యా, ఈ సర్దుబాటు అంటే ఏంటి?' అని అడిగింది. తిట్టలేదు, అరవలేదు. నేనే అరిచాను. నలుగురి ముందు, 'చదువు రానిదానివి నీకేం తెలుసు' అన్నాను. మర్నాటి నుంచి ఆ కుర్రాడు రాలేదు. తర్వాత సిగ్గేసి మిగతా ముగ్గురికీ ఆరేసి వేలు తిరిగిచ్చాను. ఆ సింగ్‌నగర్ కుర్రాడి ఫోన్ మాత్రం కలవలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు, నీళ్లు తీశాక సింగ్‌నగర్ వెళ్లాను. ఆ ఇంటికి తాళం. గోడ మీద నా ఛాతీ ఎత్తున బురద గీత. పక్కింటివాళ్లు ఎప్పుడో ఖాళీ చేశారన్నారు. ఆ ఆరు వేలు ఇప్పటికీ బీరువాలో కవర్లోనే ఉన్నాయి. మీ అత్తయ్య ఒక్కసారి కూడా వాటి గురించి అడగలేదు.

అందుకే చేర్చుకునే రోజునే ఒక్కొక్కణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని 'ఇంతకుముందు ఎక్కడైనా పని చేశావా, రెండు నెలలైనా సరే' అని అడుగు. చేశానంటే పాత యూఏఎన్ వెతికించు. వాడు మళ్లీ చేరినా నీ రెండు వేలకు అడ్డం లేదు. పోయేది వాడికొచ్చే డబ్బే, ఆ మాట వాడికి ముందే చెప్పాలి.

అప్రెంటిస్‌షిప్ కింద తీసుకుంటే స్టైపెండ్‌లో పావు వంతు, నెలకు 1,500 మించకుండా కేంద్రం భరిస్తుందని కూడా విన్నావట. అది వేరే దారి. పని నేర్పే ఓపిక ఉంటేనే అటు వెళ్లు.

ఈఎస్ఐ కార్డులు వచ్చేదాకా ఎవరినీ చెత్తబండి ఎక్కించకు. హాస్టళ్ల చెత్తలో గాజుముక్కలుంటాయి, క్లినిక్కుల పక్క వీధుల్లో సూదులుంటాయి. మా దగ్గర ఒకడికి అరచేయి చీరుకుని పదకొండు కుట్లు పడ్డాయి. ధనుర్వాతం ఇంజెక్షన్ మొదటి రోజే వేయించు. గ్లౌజులు పల్చటివి కొనకు. గమ్ బూట్లు మాత్రం నేను కొంటాను, దాని మీద వాదించకు.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. ఎనిమిది మంది కాలి సైజులు కాగితం మీద రాసి ఉంచు. నీ కొటేషన్ కూడా బయటపెట్టు, నేను చూస్తాను. మీ అత్తయ్య ఉసిరి ఆవకాయ సీసా పంపుతోంది.

మీ మావయ్య
పటమట, విజయవాడ