ఒక చెవి నరానికి గడ్డ వస్తే రెండో చెవి కూడా పోతుందా?

మీ నాన్నగారికి కుడి వైపు అకౌస్టిక్ న్యూరోమా, అంటే చెవి నరం మీద గడ్డ, ఇప్పుడు ఎడమ చెవి వినికిడి పరీక్ష గ్రాఫ్ కూడా దిగింది, గడ్డ అటు పాకిందా అని కదా మీ ప్రశ్న. పాకదు. అది క్యాన్సర్ కాదు. పెరిగినా చాలామందిలో ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లే.

చీమకుర్తి క్వారీలో డ్రిల్లింగ్ పని చేశారని మీరే రాశారు. ఎడమ చెవి గ్రాఫ్‌లో 4000 హెర్ట్జ్ దగ్గర గుంట పడి, 8000 దగ్గర మళ్ళీ లేచిందేమో చూడండి. లేస్తే అది డ్రిల్లు మోత చేసిన పని. లేవకుండా జారుతూనే పోతే ఎక్కువగా వయసు. 250, 500 దగ్గర మాత్రమే దిగిందంటే ముందు గదిని అనుమానించండి. ఫ్యాను, ఏసీ, బయట ఆటోల మోత ఆ తక్కువ ఫ్రీక్వెన్సీలనే మింగేస్తాయి. సౌండ్‌ప్రూఫ్ గదిలో మళ్ళీ చేయించి, అప్పుడూ అలాగే వస్తే గుబిలి, మధ్య చెవి చూపించండి.

అసలు నా గొడవ కుడి చెవి గ్రాఫ్‌తో. మన ఒంగోలు, నెల్లూరు వైపు చెవి మిషన్లు అమ్మే చోట పరీక్ష చేయిస్తే మాస్కింగ్ చేశారా అని అడగండి, అంటే మంచి చెవిలో హోరు పెట్టి దాన్ని పక్కన కూర్చోబెట్టడం. మామూలు హెడ్‌ఫోన్ శబ్దం రెండో చెవి వినికిడి కన్నా 40 డెసిబెల్స్ ఎక్కువైతే పుర్రె ఎముక గుండా అటు చేరిపోగలదు. చెవి వెనక పెట్టే వైబ్రేటర్‌కైతే ఆ తేడా కూడా అక్కర్లేదు. మంచి చెవితో విని చెయ్యెత్తుతారు, చచ్చిన చెవికి 55, 60 అని గ్రాఫ్ పడుతుంది, ఇంకా వినికిడి ఉందని మిషన్ అంటగడతారు. పైగా ఈ గడ్డలో శబ్దం వినపడినా చాలాసార్లు మాట తెలియదు. స్పీచ్ డిస్క్రిమినేషన్ శాతం, అంటే మాటలు ఎన్ని సరిగ్గా తెలుస్తున్నాయో, చూడకుండా ఆ చెవికి మిషన్ కొనడం డబ్బు దండగ.

పెద్ద శబ్దానికి మధ్య చెవి కండరం బిగుసుకుంటుందా అని ప్రోబ్ అనే చిన్న గొట్టంతో చూసే రిఫ్లెక్స్ టెస్టులో ఇంకో మెలిక ఉంది. శబ్దం కుడి చెవికిచ్చి ఎడమ చెవిలో ప్రోబ్ పెడితే, కుడి నరం మోయలేక రిఫ్లెక్స్ రాకపోవచ్చు. రిపోర్టులో అది ప్రోబ్ ఉన్న ఎడమ చెవి కింద అచ్చయితే ఇంట్లోవాళ్ళు బెదిరిపోతారు.

గడ్డ వల్లే అవతలి వైపు తేడా రావడమూ ఉంది. బాగా పెద్దదై మెదడు కాండాన్ని నొక్కితే శబ్దానికి నరం, మెదడు కాండం ఇచ్చే విద్యుత్ తరంగాలను కొలిచే బేరా టెస్టులో మంచి చెవికి కూడా 3, 5 తరంగాల మధ్య సమయం సాగుతుంది, గ్రాఫ్ మామూలుగా ఉన్నా సరే. అది చెప్పేది గడ్డ సైజు గురించి, ఎడమ చెవి గురించి కాదు. ఇక ఎన్ఎఫ్2 అనే జన్యు జబ్బులో రెండు నరాలకూ గడ్డలు వస్తాయి, ఎక్కువగా చిన్న వయసులోనే బయటపడుతుంది. గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఇచ్చి తీసిన ఎమ్మారైలో ఎడమ వైపు ఇంటర్నల్ ఆడిటరీ కెనాల్, అంటే చెవి నరం వెళ్ళే ఎముక దారి, బాగుందని రాసుంటే ఆ భయం వదిలేయండి.

ఎవరైనా వినికిడిని దెబ్బతీయగల జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్ రాస్తే ఉన్నది ఒక్క చెవేనని ముందే చెప్పండి, వేరే మందు కుదురుతుందేమో చూస్తారు. ఎడమ చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్టయితే గుబిలేలే అని నూనె పోయకుండా అదే రోజు ఈఎన్‌టీకి చూపించండి. అది నరం వినికిడి పడిపోవడమైతే స్టెరాయిడ్ మొదటి రోజుల్లోనే బాగా పట్టుకుంటుంది, రెండు వారాలు దాటితే ఆశ బాగా తగ్గిపోతుంది.